కంచె లేని లాడ్జిలో ముగ్గు

1996. వేలూరు సత్తువాచారిలో, కలెక్టరాఫీసుకు పోయే దారిలో, మా ట్రావెల్ ఏజెన్సీ అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. పని చాలావరకు ఆసుపత్రికి వచ్చిన కలకత్తా వాళ్లకు తిరుగు రైలు టిక్కెట్లు తీయడం, గల్ఫుకు పోయే తాపీ మేస్త్రీలను విమానం ఎక్కించడం. విహారయాత్ర అంటే ఊటీ, మరీ దర్జా అయితే సింగపూరు. అలాంటి ఆఫీసుకు గుడియాత్తం నుంచి మునిరత్నం మేస్త్రి భార్యను వెంటబెట్టుకుని వచ్చి, "పాపా, ఆఫ్రికాకు పోవాల. ఏనుగుల్ని చూడాల" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. గుడియాత్తం దాటి మోర్ధానా వైపు పోతే అడవి ఏనుగులు తోటల్లోకే దిగుతాయి. "దానికి విమానమెందుకు పెదనాయనా, మీ ఊరి బస్సు చాలదా?" అనేశాను. నా నోటికి ఎప్పుడూ కాస్త తొందరెక్కువ. మేస్త్రి నవ్వలేదు. భార్య కాంతమ్మ వైపు చూసి, నెమ్మదిగా సంగతి చెప్పాడు.

మోర్ధానా కొండల కింద వాళ్లకో మామిడితోట ఉంది. కాంతమ్మ నాన్న నాటిన చెట్లు. ఒకరోజు ఆమె మోటారు గది దగ్గర ఉండగా ఏనుగు తోట గోడ పడగొట్టుకుని లోపలికి వచ్చింది. ఆమెను తాకలేదు, పక్కనుంచే పోయింది. అయినా అప్పటినుంచి ఆమె తోటలో అడుగు పెట్టలేదు.

"గోడ మళ్లా కట్టినా. ఇంకా ఎత్తుగా కట్టినా. అయినా ఈమె రాదు. ఈమె రాని తోట నాకేల? అమ్మేస్తానంటే ఏడస్తాది" అన్నాడు మేస్త్రి.

అప్పుడు నోరు విప్పింది కాంతమ్మ. "కేబుల్ టీవీలో చూపించినారు పాపా. ఆడోళ్లు కాఫీ తాగతా కూసోనుండారు, పక్కనే ఏనుగులు పోతాండాయి. అది నిజమో, టీవీ వాళ్ల మాయో నా కండ్లతో చూడాల. చూసినాక తోట సంగతి చెప్తా."

ఒక తోట ఉండడమో పోవడమో నా ఐటినరరీ మీద, అంటే ఏ రోజు ఎక్కడుండాలో రాసిచ్చే ప్రయాణ పట్టిక మీద, ఆధారపడడం అదే మొదలు. భయం వేసింది, సరదా కూడా పుట్టింది.

ఆమె టీవీలో చూసిన లాంటి చోట్లు దక్షిణాఫ్రికాలో ఉన్నాయని తేలింది. ముందు పాస్‌పోర్టు అడ్డం తిరిగింది. మేస్త్రి గల్ఫులో పనిచేసినప్పటి పాత పాస్‌పోర్టు మీద, దక్షిణాఫ్రికాకు చెల్లదని ముద్ర ఉంది. ఆ దేశంతో మనకు రాకపోకలు లేని కాలంలో వేసింది. దాన్ని మార్పించడానికి మద్రాసు చుట్టూ తిరిగాం. తర్వాత బస. చుట్టూ కరెంటు కంచె ఉన్న సర్కారు క్యాంపు నయమన్నాను. రెండోది ప్రైవేట్ రిజర్వ్, అంటే సొంతదారులు నడిపే అడవి. రేంజర్ అనే అడవి మనిషి తెల్లవారకముందే టాపులేని జీపులో తిప్పి చూపిస్తాడు. దాన్ని గేమ్ డ్రైవ్ అంటారు. అక్కడి లాడ్జికి కంచె లేదు.

మేస్త్రి ఆ లాడ్జి బొమ్మల పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కాంపౌండు గోడ యాడుండాది? గోడ లేకుండా ఎవుడప్పా దీనికి ప్లాను ఒప్పుకున్నాడు?"

"గోడ మన తోటలో ఉండాది గదా, ఆగిందా?" అంది కాంతమ్మ. "కంచె గించె వేండాం పాపా. ఈ గోడ లేని చోటికే పోవాల."

అంతా కుదిరిందనుకున్నాక లాడ్జి నియమాలు ఫ్యాక్సులో వచ్చాయి. చీకట్లో కాపలాదారు తోడు లేకుండా గది దాటకూడదు. చదివి వినిపించగానే కాంతమ్మ, "మరి ముగ్గు?" అంది.

నాకు అర్థం కాలేదు. మేస్త్రికి అయింది. "నాలుగు దినాలు వేయకుంటే ఏమవతాదే?"

"గడప ముందర ముగ్గు లేకుండా నేను యాడికీ బయల్దేరను. పెండ్లయినప్పటినుంచీ అంతే." గొంతు పెంచలేదు. కానీ ఆ మాట కదలదని తెలిసిపోయింది. పైగా ముగ్గుపిండి పొట్లం కట్టి సిద్ధంగా పెట్టుకుందట.

"పెద్దమ్మా, తెల్లపొడి పొట్లంతో ఎయిర్‌పోర్టులో దిగితే ఏనుగుల కంటే ముందు పోలీసుల్ని చూస్తావు!" అని అరిచినంత పని చేశాను. మేస్త్రి లేచి నిలబడ్డాడు. "అయితే టిక్కెట్లు వద్దులే. తోటకు బేరం చూస్తా" అన్నాడు. కాంతమ్మ కళ్లు తుడుచుకుంటూ ఆయన వెనకే పోయింది. నాకు కోపం వచ్చింది. ముగ్గు కోసం ఇంత ప్రయాణం పాడు చేసుకుంటారా అని బాగాయంలో మా ఇల్లు చేరేదాకా సణుక్కున్నాను. కానీ మర్నాడు పొద్దున మా అమ్మ వేసిన ముగ్గును దాటుకుని బయటికి వస్తుంటే నా కోపం నాకే చిన్నతనంగా తోచింది.

ఆఫీసుకు పోగానే లాడ్జికి ఫ్యాక్సు పంపాను. మా అతిథి రోజూ బయల్దేరేముందు గుమ్మం ముందు నేల మీద బియ్యప్పిండితో ఒక బొమ్మ గీయాలి, గీయకపోతే జీపు ఎక్కదు, దారి చెప్పండి అని. నవ్వుకుంటారనుకున్నాను. మర్యాదగా జవాబు వచ్చింది. కాపలాదారు కాస్త ముందుగా వచ్చి ఆమె పక్కన నిలబడతాడు, బియ్యప్పిండి మాత్రం వద్దు, కోతులు చేరతాయి, రాతి మెట్టు మీద కడిగితే పోయేది ఏదైనా సరే అని. వెంటనే సుద్దముక్కల డబ్బా కొని, గుడియాత్తం బస్సెక్కి వాళ్లింటికి పోయాను.

"ఇస్కూలు బోర్డు మీద గీసే దానితోనా?" అని కాంతమ్మ మూతి ముడిచింది.

మేస్త్రి డబ్బా అందుకుని, ఒక ముక్క తీసి చూశాడు. "పునాది తవ్వేముందు నేను సుద్దతోనే గదే గీస్తా. ఆ ఇండ్లన్నీ బాగానే ఉండాయి" అన్నాడు. కాంతమ్మ ఆలోచించి, డబ్బాను పెట్టెలో చీరల మధ్య పెట్టుకుంది.

తిరిగొచ్చాక ఆమే ఆఫీసుకు వచ్చి కథంతా చెప్పింది. ఒక తెల్లవారుజామున మెట్టు మీద గీస్తుంటే పొదల్లోంచి ఏనుగు వచ్చింది. కదలొద్దని కాపలాదారు చెయ్యి చూపించాడు.

"లేచుంటే లోపలికి పరిగెత్తేదాన్ని పాపా. కూసోనే ఉన్నా. అది నిలబడి చూసింది, దాని దోవన అది పోయింది. గీత వంకరపోయింది. అయినా చుక్కలన్నీ కలిపినాకే లేచినా."

ఇక్కడ గోడ ఎందుకు లేదని మేస్త్రి తనకొచ్చిన గల్ఫు ఇంగ్లీషులో కాపలాదారును అడిగాడట. ఏనుగులు నీళ్లకు పోయే దారి వదిలేసి, లాడ్జిని పక్కకు జరిపి కట్టామన్నాడు అతను.

ఆ వేసవిలో నన్ను తోటకు పిలిచారు. అడవి వైపు గోడ లేదు. మేస్త్రే దగ్గరుండి తీయించాడు. ఏటి వైపు ఏనుగులు దిగే మేర చెట్లు కొట్టించి ఖాళీగా వదిలాడు. "దాని దోవలో నేను గోడ కట్టినా. పడగొట్టక ఏం చేస్తాది?" అన్నాడు. కాంతమ్మ మాకంటే చాలా ముందు నడుస్తూ, వాళ్ల నాన్న చేత్తో నాటిన చెట్లను ఒక్కొక్కటిగా తాకుతూ పోతోంది. మేస్త్రి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

ప్రయాణమంటే ఎక్కడికో పోవడమే అనుకునేదాన్ని. తమ సొంత చోటికి తిరిగి రావడానికి కూడా మనుషులు అంత దూరం పోతారని కాంతమ్మను చూశాకే తెలిసింది. అప్పటినుంచి నా ఎదుటి కుర్చీలో ఎవరు కూర్చున్నా, ఎక్కడికి పోవాలని ముందు అడగను. తిరిగొచ్చాక ఏం చేయాలనుకుంటున్నారని అడుగుతాను.