ఖాళీగా వదిలిన చివరి పేజీ

ముందే చెబుతున్నాను, నేను కోతలు కోస్తాను. నా చేతిలో పడితే పిల్లి కూడా పులై కూర్చుంటుంది. అందుకని నేను చెప్పేదాన్ని సగానికి తగ్గించి, ఆ సగాన్నీ ఎండలో ఆరబెట్టి చదువుకోండి.

కువైట్‌లో అరబ్బీ, ఇంగ్లీషు పత్రికలు అచ్చయ్యే ప్రెస్సులో నేను కట్టలు కడతాను. మా మిషను కదిలిందంటే ఎక్కడో దూరాన జహ్రాలో ఒంటెలు తాళ్ళు తెంచుకుంటాయి. ఈమధ్య అదీ దగ్గి ఊరుకుంటోంది. పేపరు కొనేవాళ్ళు ఎంత తగ్గిపోయారంటే, కట్ట కంటే దాన్ని కట్టే తాడే బరువు. మిగిలిన కాపీలు ఫర్వానియాలోని మా గదికి తెస్తాను. నేలమీద పరుచుకుని వాటిమీదే అన్నం తింటాం. ఆ గదిలో ఒకడు పక్కకు ఒత్తిగిలితే అందరూ ఒత్తిగిలాలి.

మాతో ఉండే రాయచోటి భాయ్ మాత్రం అరబ్బీ పేపరు పరవనివ్వడు.

"దాంట్లో అల్లా పేరు ఉంటాది న్నా. ఇంగ్లీషుది ఎయ్యి."

"ఇంగ్లీషు దాంట్లో ఉండదా భాయ్?"

"ఉన్నా నాకు చదవను రాదు గదా! తెలీకుండా చేసింది తప్పెట్లయితాది?"

నవ్వుతాడు. నవ్వు ఆగకముందే అడుగుతాడు: "ఆమ్నెస్టీ ఏమన్నా పేపర్లో పడిందా న్నా?"

భాయ్‌ని ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా గడువు ఎప్పుడో తీరిపోయింది. పనిలో పెట్టుకున్న కఫీల్, ఇతను పారిపోయాడని కేసు పెట్టాడు. సర్కారు క్షమాభిక్ష ప్రకటిస్తే తప్ప జైలు మొహం చూడకుండా ఇంటికి పోలేడు.

"పడలే భాయ్."

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ ముఖం చూడలేక, పత్రికల పుట్టుపూర్వోత్తరాలు విప్పాను. ఐరోపాలో తొలి పేపరు వేసినాయన అంతకుముందు వార్తలు చేత్తో రాసి షావుకార్లకు అమ్మేవాడనీ, వేళ్ళు అరిగి గోళ్ళే మిగిలాక అచ్చుయంత్రం పట్టాడనీ చెప్పాను. లండన్‌లో మొదట్లో పరదేశం సంగతులే వేయాలి, సొంత దేశం ఊసెత్తకూడదన్నాను.

"మన పేపరు మాదిరే! లోకమంతా ఉంటాది, మన సంగతే ఉండదు."

"అమెరికాలో మొదట పేపరు ఏసినోడు మంచోడు భాయ్. చివరి పేజీ ఖాళీగా ఇడిసినాడు. చదివినోడు తన కబురు దాంట్లో రాసి అయినోళ్ళకు పంపుకోవచ్చని."

"ఇప్పుడూ వస్తాందా ఆ పేపరు?"

"ఒక్క తూరి వచ్చింది. సర్కారు మూయించింది."

"ఖలాస్," అన్నాడు భాయ్, ముద్ద కలుపుతూ.

తర్వాతి వారం మిషను మొరాయించి, ఒకవైపే అచ్చయిన ఇంగ్లీషు కాగితాలు కక్కింది. ఒకటి తెచ్చి, తెల్లవైపు తిప్పి, పెన్ను చేతికిచ్చాను.

"ఇదో నీ పేజీ భాయ్. రాయి, ఫోటో తీసి ఇంటికి పంపిద్దాం."

భాయ్ దాన్ని ఎంతసేపు చూశాడంటే, పొయ్యిమీంచి దించిన అన్నం చల్లారి, మళ్ళీ వేడెక్కి, మళ్ళీ చల్లారింది. చివరికి ఒక్క ముక్క రాశాడు: 'బాగుండా. తొందర్లో వస్తాండా.'

ఒంటెలూ గోళ్ళూ తాడు బరువూ నా కోతలు. వాటిని మీరు ఈపాటికే తగ్గించి ఉంటారు. పూర్తిగా కల్పించింది మాత్రం ఆ ముక్క. భాయ్ ఏమీ రాయలేదు. "ఏం రాసేది న్నా? పడలే గదా," అని పెన్ను నా జేబులో పెట్టి, ఆ కాగితం నేలమీద పరిచి అన్నం గిన్నె దానిమీద దించాడు.

తిన్నాం.