అమ్మమ్మ కంపైల్ చేయని సర్వర్

మా అమ్మమ్మ రక్తనిధిలో కంప్యూటర్లు చూసుకుంటుంది. ఏ గ్రూపు రక్తం ఏ కేంద్రంలో ఉందో ఆసుపత్రులకు చూపించే పేజీ ఆవిడ సర్వర్ మీదే నడుస్తుంది. ఆ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను ఇరవై ఏళ్లుగా కావలసిన భాగాలే ఏరుకుని, మూల కోడ్ నుంచి తనే కంపైల్ చేసుకుంటోంది. ఎవరో అన్నీ కలిపి కట్టిచ్చే రెడీమేడ్ ప్యాకేజీ అంటే మొహం చిట్లిస్తుంది.

ఈసారి కొత్త వెర్షన్ కంపైల్ మూడుసార్లు మధ్యలో ఆగింది. పై అధికారి తొందరపెడితే గొణుక్కుంటూనే ప్యాకేజీ వేసింది. రెండు నిమిషాల్లో అయిపోయింది. పేజీ తెరిస్తే రక్తం వివరాలు లేవు. ‘సర్వర్ పనిచేస్తోంది’ అన్న ఒక్క ముక్క ఉంది.

అప్పుడే ఫోన్ మోగింది. ఒక ఆసుపత్రి ఆపరేషన్ గది నుంచి ఓ నెగటివ్ రక్తం ఎక్కడుందని అడుగుతున్నారు.

"అంతా తుడిచేశానే! అవతల మనిషి ప్రాణం మీదికొచ్చిందే!" అమ్మమ్మ పెదవులు తెల్లబడ్డాయి. తోడుగా వచ్చి పక్కన కూర్చున్న, పదో తరగతి రెండుసార్లు తప్పిన నన్ను పట్టుకుని అడిగింది, "ఏం చెయ్యనే?"

నాకేం తెలుసు? అయినా నోరు ఊరుకోదుగా. "అమ్మమ్మా, సామాను నీ సొంతింట్లో పెట్టి అద్దింట్లో వెతుకుతున్నావేమో!"

ఆవిడ నన్ను గుడ్లప్పగించి చూసింది. కొత్త సర్వర్ తన ఫోల్డర్‌లోనే చూస్తోంది. పేజీలు పాత ఫోల్డర్‌లో భద్రంగా ఉన్నాయి. సెట్టింగ్‌లో ఆ పాత ఫోల్డర్ దారి రాసి సర్వర్‌ను మళ్లీ నడిపింది.

"ఓ నెగటివ్, రెండు సంచులు, తూర్పు కేంద్రం," అని ఫోన్‌లో చదివింది.

"హమ్మయ్య, ఇంక లే, ఇంటికి పోదాం," అన్నాను.

"ఉండవే. నేను ఏరని భాగాలు ఈ ప్యాకేజీలో నలభై ఉన్నాయి," అంటూ వాటి జాబితా మొదటి నుంచి చదవసాగింది.