రంగు కాలిన చోట

పాసయ్యాను. బీటెక్ అయిపోయింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. వైవా గదిలోంచి బయటికి రాగానే మౌలాలిలో ఉన్న అమ్మకి చెప్పాను. ఆమె వెంటనే ఫోన్ పక్కింటామెకి ఇచ్చి, మళ్ళీ చెప్పమంది. ఇది జరిగి రెండు గంటలైంది. ఇప్పుడు తార్నాకలో బైండింగ్ షాపు బల్ల మీద కూర్చుని ఒళ్ళు మండుతూ రాస్తున్నాను.

మా ల్యాబులో పాత కారులోంచి దించిన ఆరు సిలిండర్ల ఇంజన్ ఉంది. ఆ వైపు మూడు, ఈ వైపు మూడు. పొగ పోవడానికి చెరో పైపు. ఆ రెండు పైపుల్ని మధ్యలో ఎక్కడ, ఎలా కలుపుతామన్న దాన్ని బట్టి ఇంజన్ లాగే బలమూ, దాని చప్పుడూ మారతాయి. అదే నా ప్రాజెక్టు. ఎక్కడ కలపాలో తేలక, ముషీరాబాద్‌లో సైలెన్సర్లు వెల్డింగ్ చేసే మా మేనమామని పిలిచాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతన్ని అరగంట ఎండలో నిలబెట్టాడు. పనివాళ్ళకి వెనక గేటంట.

మామ సంచిలోంచి చవకరకం నల్లరంగు డబ్బా తీసి రెండు పైపులకీ పూశాడు.

"ఇంజన్ గట్టిగ రేస్ జెయ్యి బిడ్డా. రంగు ఏడిదాక కాల్తదో సూడు."

ఇంజన్ వైపు నుంచి రంగు బుడగలు లేచి, బూడిదై, ఒకచోట కాలడం ఆగిపోయింది. అక్కడ సుద్దముక్కతో గీత గీశాడు.

"గీడ కలుపు."

"ఇక్కడే ఎందుకు మామా?"

"నన్నడుగుతవేంది? గది నువ్వు జెప్పాలె. గందుకే గద నిన్ను సదివిపిచ్చింది."

రెండు రకాలుగా చేసిచ్చాడు. మొదటిది, రెండు పైపుల మధ్య నిచ్చెన మెట్టులాంటి అడ్డగొట్టం. దాంతో తక్కువ స్పీడులో లాగుడు పెరిగింది, చప్పుడు కడుపులోంచి వచ్చినట్టు బరువుగా మారింది. రెండోది, పైపులు కత్తెరలా ఒకచోట అతుక్కుని మళ్ళీ విడిపోయేది. దాంతో ఎక్కువ స్పీడులో పొగ సులువుగా పోయి బలం పెరిగింది, చప్పుడు సన్నబడింది. నేను బలం కొలిచే మీటర్ చూడకముందే మామ కళ్ళు మూసుకుని విని చెప్పేశాడు: "మొదటిది గుట్టెక్కుతది. గిది రోడ్డు మీద ఉరుకుతది."

మొదటి రివ్యూలో ఒక ప్రొఫెసర్ రంగు కాలిన ఆ పైపు ఫోటో చూసి, "ఇది బీటెక్ ప్రాజెక్టా అమ్మా, షెడ్డు పనా?" అన్నారు. అందరూ నవ్వారు. మా గైడ్ సార్ కూడా నవ్వారు. అది నేను మర్చిపోలేదు. రంగు సంగతి పక్కనబెట్టి మొత్తం కంప్యూటర్లో లెక్కగట్టి తెమ్మన్నారు ఆ ప్రొఫెసర్. రెండు నెలలు పట్టింది. కంప్యూటర్ చూపించిన చోటుకీ మామ సుద్దగీతకీ మధ్య మూడు వేళ్ళ దూరం కూడా లేదు. రెండు చోట్లా పైపు కలిపి నడిపితే మీటర్లో తేడానే కనిపించలేదు.

ఇవాళ వైవాలో అదే ప్రొఫెసర్ అదే ఫోటో చూసి, "చాలా బావుంది. ఈ పద్ధతి నీకెలా తట్టింది?" అన్నారు.

"నాకు తట్టలేదు సార్. మా మామది. నాలుగో పేజీలో రాశాను."

ఆయన పేజీ తిప్పి చూసి, మూసేసి, పాస్ అన్నారు.

బైండింగ్‌కి ఇచ్చానో లేదో గైడ్ సార్ ఫోన్.

"కంగ్రాట్స్ అమ్మా. ఆ నాలుగో పేజీ మాత్రం తీసెయ్. వెల్డర్ పేరు రాస్తే ఏం బావుంటుంది? దీన్ని జర్నల్‌కి పంపుతున్నాం కదా. మన ల్యాబులో రూపొందించిన పద్ధతి అని రాద్దాం."

"ల్యాబులో ఎవరు రూపొందించారు సార్?"

"సాయంత్రం నా సంతకానికి రావాలి కదమ్మా, చూసుకో" అని పెట్టేశారు.

ఆ సంతకం లేకపోతే రిపోర్టు తీసుకోరు. రిపోర్టు తీసుకోకపోతే సర్టిఫికెట్ రాదు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. గేటు దగ్గర మనిషిని ఆపారు, ఇప్పుడు పేజీలోంచి కూడా గెంటేస్తారంట. ఆ రంగు డబ్బా రేకు మూత కూడా ముట్టుకోని మనిషి "మన ల్యాబు" అంటున్నాడు.

"మేడం, జల్ది చెప్పుండ్రి, గమ్ కాగుతున్నది. నాలుగో పేజీ తియ్యాల్నా, ఉంచాల్నా?" అన్నాడు బైండింగ్ అన్న.

"ఉంచన్నా. నాలుగు కాపీల్లోనూ ఉంచు."

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళు:

గైడ్ సార్‌కి, పేజీ తియ్యలేదని. అందరికంటే ముందు.

ఆయన సంతకం పెట్టనంటే హెచ్‌ఓడీ మేడంకి.

ఆమె కూడా అదే మాటంటే, ఇవాళ నన్ను పాస్ చేసిన ప్రొఫెసర్‌కి. ఆ పేజీ ఆయన కళ్ళారా చూశారు.

హాస్టల్లో రూమ్మేట్‌కి, మిఠాయి రేపేనని.

మామకి, షాపులో గ్రైండర్ ఆపే వేళ చూసి. రేపు క్యాంపస్‌కి రమ్మని, ముందు గేటు నుంచే. అక్కడ నేను నిలబడి ఉంటానని.