ఫ్యాన్ ఆపిన ల్యాబ్‌లో గోధుమరంగు

మా కాలేజీలో నా పరిశోధన మాట వస్తే అందరూ చెప్పే కథ ఒకటే: నడి మే నెలలో ల్యాబ్ ఫ్యాన్ ఆపేసి, అందరినీ ఉడికించి, గైడ్ సార్‌తో కొట్లాడి నా మాట నెగ్గించుకున్నానని. కొట్లాడిన మాట నిజమే. కానీ నెగ్గింది నా నోరు కాదు, స్లైడ్.

డెంటల్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే, నలభై దాటాక పీహెచ్‌డీలో చేరాను. పళ్లు ఎట్లా తయారవుతాయన్నది నా విషయం. పంటిమీది గట్టి ఎనామిల్‌ను కట్టేవి ఎపిథీలియల్ కణాలు, అంటే పైపొర కణాలు. ఆ పనికి కావలసిన ప్రోటీన్లను అవే తయారుచేసుకుంటాయి. ఆపరేషన్‌లో తీసిన, ఇంకా పూర్తిగా ఏర్పడని జ్ఞానదంతాన్ని పల్చగా కోసి, స్లైడ్ మీద పెట్టి, ఆ ప్రోటీన్‌కే అతుక్కునే యాంటీబాడీ చుక్క వేస్తాం. ప్రోటీన్ ఉన్న కణాలు చివరికి గోధుమరంగులో తేలుతాయి. మధ్యలో చుక్క ఎండిందా, ప్రోటీన్ లేనిచోట కూడా రంగు పడుతుంది. వరంగల్ ఎండల్లో, నెత్తిమీద ఫ్యాన్ తిరుగుతుంటే ఎండక ఏం చేస్తుంది? అందుకే ఇంట్లోని సకినాల డబ్బా తెచ్చి, అడుగున తడిబట్ట పరిచి, స్లైడ్లు అందులో పెట్టి మూత వేసేదాన్ని. మూత తీసి చుక్కలు వేసినంతసేపు ఫ్యాన్ బంద్.

"జర ఫ్యాన్ ఎయ్యున్రి మేడం, ఉడికిపోతానం" అంది నాతోటి లెక్చరర్.

"ఉడికితే ఇంటికి వొయ్యి తానం జెయ్యి. స్లైడ్ ఎండితే ఇంకో పన్ను నువ్వు తెస్తవా?" అన్నాను.

రంగు వచ్చింది. ఎవరూ అనుకోనిచోట కూడా వచ్చింది. ఎనామిల్ కట్టడం ఇంకా మొదలే కాని భాగంలో కొన్ని కణాలు అప్పటికే గోధుమరంగులో ఉన్నాయి. సార్ ఒక్కసారి మైక్రోస్కోప్‌లో చూసి, స్లైడ్ ఎండిపోయిందని తేల్చేశారు. దానిమీద నేను రాసిన అధ్యాయం తీసేయమన్నారు. నా థీసిస్‌కు ప్రాణమే ఆ అధ్యాయం.

"ఎండితే ముందుగాల అంచులు ఖరాబైతయి సార్. ఇది నడుమల ఉన్నది. యాంటీబాడీ ఎయ్యని స్లైడ్ గూడ అదే డబ్బల వెట్టిన. ఎండినందుకే రంగొస్తే దాంట్ల గూడ రావాలె గద, ఏది?" అన్నాను.

ఆయన ఆ రెండో స్లైడ్‌ను మైక్రోస్కోప్ కింద పెట్టి అంచులూ నడుమా చూశారు. చివరికి, "ఇంకో పంటి మీద జెయ్యమ్మా. ఇట్లనే వస్తే రాస్కో" అన్నారు.

చేశాను. అట్లాగే వచ్చింది. అధ్యాయం నిలిచింది. ఇప్పుడు ల్యాబ్‌లో అందరూ వాడేది ఆ డబ్బానే. ఆ సంగతి మాత్రం కథలో ఎవరూ చెప్పరు.

ఆ స్లైడ్‌ను క్లాసులో గర్వంగానే చూపిస్తాను. కానీ చూపించిన ప్రతిసారీ నా కన్ను ఒక్కచోటే ఆగుతుంది. అక్కడ ఒకే వరుసలో, పక్కపక్కనే రెండు కణాలు. ఒకటి గోధుమరంగు, రెండోది ఖాళీ. రెండిటిదీ ఒకటే పని అయినప్పుడు, ఒకటి అప్పుడే మొదలుపెడితే రెండోది దేనికోసం ఆగింది?