దుబాసమ్మ మార్చిన ఒక్క మాట

ఆ పెద్దాసుపత్రిలో డాక్టర్లకి ఇంగ్లీషు తప్ప రాదు, రోగులకి ఇంగ్లీషు ఒక్కటే రాదు. మధ్యలో ఆవిడ. కాగితాల మీద ఉద్యోగం పేరేదైనా అందరికీ దుబాసమ్మే. పందొమ్మిదేళ్ళుగా వార్డు వార్డూ తిరిగి వీళ్ళ మాట వాళ్ళకీ, వాళ్ళ మాట వీళ్ళకీ చేరవేస్తోంది.

అదేమన్నా చిన్న పనా? ఒకడు సలుపంటాడు, ఒకడు పోటంటాడు, ఇంకొకడు మంటంటాడు. మిగతా దుబాసీలు అన్నిటికీ పెయిన్ అనేసి చేతులు దులుపుకునేవారు. ఈవిడ అలా కాదు. రోజంతా వదలకుండా పీకేది ఏక్, ఆగాగి కొట్టుకునేది త్రాబ్ అని విడదీసి చెప్పేది. కొందరు డాక్టర్లు నవ్వుకునేవారు. ఆ తేడా వల్లే ఒకసారి తీసేయబోయిన కాలు తీయకుండా ఆగారు.

ఇక ట్రీట్, క్యూర్ అన్న రెండింటి దగ్గర ఆవిడ మరీ మొండి. డాక్టరు ట్రీట్ చేస్తామనగానే ఇంటివాళ్ళు దండం పెట్టబోయేవారు. "వైద్యం చేస్తామన్నారు. నయం చేస్తామనలేదు" అని అక్కడికక్కడే చెప్పేది. ఆ పాడు నోరు మూసుకోమని తిట్టినవాళ్ళున్నారు. తిట్టనివ్వండి, లేని ఆశ పెట్టి ఇంటికి పంపితే ఆ పాపం ఎవరిది? ఇంట్లో దర్జీ మొగుడు మాత్రం వేళాకోళమాడేవాడు. "మాటలు తూచడానికైతే నీ దగ్గర తక్కెడుంది. కూరలో ఉప్పుకే లేదు."

ఆ దర్జీకే కాలేయంలో క్యాన్సరొచ్చింది. డాక్టరు కాగితాలు తిరగేసి, ఆవిడ ముఖం చూడకుండా, ట్రీట్ చేస్తామన్నాడు. దుబాసమ్మ ఆ రెండో మాట, క్యూర్ కోసం నిలబడింది. సిగ్గు విడిచి అడిగింది కూడా. అతను మళ్ళీ ట్రీట్ అనే అన్నాడు. మహా అయితే మూడు నెలలన్నాడు.

మంచం దగ్గర కూర్చుని మొగుడికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. దర్జీ దుప్పటి అంచు కుట్టు తడిమి చూశాడు.

"సరేలే" అన్నాడు. "అమ్మకి మాత్రం నయమవుతుందని చెప్పు."

"నా వల్ల కాదు."

"నేను చెప్తే నమ్మదు. నువ్వు చెప్తే నమ్ముతుంది. ఇన్నేళ్ళలో నిన్నేమీ అడగలేదు కదా."

అత్త వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. కొడుకు కోసం కూతురింటి నుంచి వచ్చి నెలయింది. నయం చేస్తామన్నారని దుబాసమ్మ చెప్పింది. తన మీద తనకే అసహ్యమేసింది. ముసలావిడ కోడలి రెండు చేతులూ పట్టుకుని తనివితీరా ఏడ్చి, కళ్ళు తుడుచుకుని లేచింది.

"అయితే నేను బయల్దేరతానే. అక్కడ నీ ఆడపడుచు పిల్లలతో ఒక్కతే చస్తోంది. వీడు లేచి తిరిగాక మళ్ళీ వస్తా. నాలుగైదు నెలలు పడుతుందేమో, అంతేగా?"

ఉండమంటే ఎందుకంటుంది. ఏం చెప్పాలి? "అంతే" అంది దుబాసమ్మ.

అత్త సంచి తనే మోసుకుంటూ బస్సు దాకా వెళ్ళింది. అత్త కిటికీ పక్కన సర్దుకుని కూర్చుని తల బయటికి పెట్టింది.

"పడుకున్నాడని లేపలేదే. వెళ్ళొస్తానన్నానని చెప్పు."

చెప్తానంది దుబాసమ్మ. బస్సు కదిలింది. ఆ మాట కూడా ఇప్పుడు ఆవిడే చేరవేయాలి.