నా బిడ్డది ఉపవాసం కాదు

సహోదరులారా, అక్కలారా, పోయినేడు ఇదే చోట నిలబడి నేనొక సాక్ష్యం చెప్పిన, పదిహేనేండ్ల నా బిడ్డ షారోను వారానికి మూడు రోజులు ఉపవాసముంటదని, మీరంతా స్తోత్రమన్నరు, నేను పొంగిపోయిన. ఆ సాక్ష్యం తప్పు. దాన్ని వెనక్కి తీసుకునేటందుకే బిడ్డను అడిగి ఇయాల మైకు పట్టుకున్న. ఇంటి గుట్టు సంఘంల ఎందుకమ్మా అన్నోళ్లు అన్నరు, అననీయండి.

నా బిడ్డ ప్రార్థన కోసం మానలేదు, అన్నాన్ని చూస్తే భయపడి మానింది. మూడు రోజులు ఆరైనయి, బడిల లైన్ల నిలబడి పడిపోయింది, ఉప్పల్ల దవాఖానాకు తీస్కపోతే గుండె మెల్లగ కొట్టుకుంటుందని చేర్చుకున్నరు. చిన్నప్పుడు ఈ పిల్ల ఎట్ల తినేదని అక్కడి డాక్టరమ్మ అడిగింది.

ఉన్నదున్నట్టు చెప్పిన. షారోను నెలలు నిండకుండ పుట్టింది, పాలు తాగితే కక్కేది, అంగన్‌వాడీల తూకమేసినప్పుడల్ల నాకు తల కొట్టేసినట్టయ్యేది. నాచారం ఫ్యాక్టరీల డ్యూటీకి టైమైతుందని, మా అత్తమ్మ బిడ్డ కాళ్లు కదలకుండ పట్టుకుంటే నేను ముక్కు మూసి నోట్లె కుక్కేదాన్ని, ఏడిస్తే నోరు తెరిచింది గదా అని ఇంకో ముద్ద. నాలుగేండ్లు గట్లనే. ప్రేమతోనే చేసిన, కానీ అన్నమంటే కొట్లాట అని ఆ పసిదానికి నేర్పింది నేనే. అదొక్కటే కారణం కాదమ్మా, ఇంకా చాలా ఉంటయని డాక్టరమ్మ అన్నది. నాకు ఆ ఒక్కటి చాలు.

మంచం పక్కన మోకాళ్ల మీద పడి, "ప్రభువా, నా బిడ్డ నోరు తెరువుమని అడగను, ముందు మళ్ల కుక్కబోతున్న నా చెయ్యి ఆపు" అని ప్రార్థించిన. ఆయన ఆపిండు! తర్వాత నెలల తరబడి మందులు, కౌన్సెలింగు, ప్రార్థన అన్నీ నడిచినయి. విశ్వాసముంటే దవాఖానా ఎందుకన్నోళ్లకు నా జవాబు, ఆ డాక్టరమ్మను పంపింది గూడ నా దేవుడే. ఒకనాడు బిడ్డ, "అమ్మా, నువ్వు అటు తిరుగు, నేను తింట" అన్నది. పొయ్యి దిక్కు తిరిగి నిలబడ్డ. వెనక పళ్లెం చప్పుడు వినబడింది, అక్కడ్నే ఏడ్చిన.

దేవునికే మహిమ. ఇంకా పూర్తిగ బాగుకాలేదు, బాగైతదని నాకు నమ్మకం. ముద్దలు కుక్కుతున్న తల్లులారా, చెయ్యి తియ్యండి, బిడ్డను డాక్టరుకు చూపెట్టండి, మీ భయాన్ని ఆయనకు అప్పజెప్పండి. ఇయాల ఆరాధన అయినంక అందరం కలిసి తినే ప్రేమవిందుల షారోను గూడ లైన్ల ఉంటది. ఎవ్వరూ తిను తిను అనొద్దు, తనది తనే వడ్డించుకుంటది. చూడాలని పాణం గుంజితే, నాతో పాటు గోడ దిక్కు తిరగండి.