పొట్టంగి భూమి కేసులో తల్లి సాక్ష్యం

రాయగడ తహసీలు కచేరీ నుంచి నన్ను కొరాపుట్ సబ్ కలెక్టరు కోర్టుకు పేష్కారుగా వేసింది ఎన్నికలకు ముందు ఏడాది, వానలు వెనకబడుతున్న రోజుల్లో. పేష్కారంటే బెంచి గుమాస్తా. వాయిదాలు పిలవడం, ఫైళ్లు అందించడం, వాంగ్మూలం రాయడం మా పని. రికార్డంతా ఒడియాలో నడుస్తుంది. సాక్షి తెలుగు మనిషైతే అనువాదం కూడా నా మీదే పడేది. మా నాన్న రైల్వేలో చేయడం వల్ల రాయగడ క్వార్టర్స్‌లో రెండు భాషల మధ్యా పెరిగాను.

చేరిన కొత్తలోనే విచారణకు వచ్చిందీ కేసు. ప్రతివాది పురుషోత్తం గారు కొరాపుట్‌లో పేరున్న వకీలు, రాజకీయ నాయకుడు. రాబోయే ఎన్నికల్లో అసెంబ్లీ టికెట్టు ఆయనకే అని ఊళ్లో అనుకునేవారు. గిరిజనుల భూములు గిరిజనులకే తిరిగి రావాలని సభల్లో గట్టిగా మాట్లాడేవారు. పురుషోత్తం గారి తాతలు ఉప్పు, బట్టలు అమ్ముకుంటూ సాలూరు నుంచి కొండ ఘాటెక్కి పొట్టంగిలో స్థిరపడ్డారు. తండ్రి పోయాక తల్లి మహలక్ష్మమ్మ, తమ్ముడు అక్కడే ఉండేవారు. తమ్ముడు అల్లం పండించే పొలం చెక్క మీదే తగాదా, అతనూ ప్రతివాదే.

అర్జీదారు సుక్రి అనే పరజ తెగ స్త్రీ. ఆ చెక్క తన తల్లిదండ్రులదని, వకీలు గారి తండ్రి కలిపేసుకున్నాడని ఆమె ఫిర్యాదు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరుడి చేతిలోకి పోతే, విచారించి తిరిగి ఇప్పించే అధికారం సబ్ కలెక్టరుకు ఉంటుంది. పురుషోత్తం గారి వాదన సూటిగా ఉంది. అది ఎన్నడూ గిరిజనుల భూమి కాదు, తన తండ్రి బంజరు కొట్టి సాగులోకి తెచ్చాడు. కాగితాలు ఇరువైపులా లేవు. ఆ రోజులు చూసిన మనిషి మహలక్ష్మమ్మ ఒక్కతే మిగిలింది. ఆయన తల్లినే సాక్షిగా పిలిచారు. తన కేసు తానే వాదించుకున్నారు.

ఆమెను జీపులో తెచ్చారు. నడుము వంగినా మాట గట్టిగానే ఉంది. ప్రమాణం చేయించాక బల్ల వేసి కూర్చోబెట్టాం. ఆ భూమి ఎవరు సాగులోకి తెచ్చారో చెప్పమని కొడుకు అడిగారు.

"మీ నాన్నే సేసేడు, కాదనను," అందామె. "కానైతే అంతకు ముందు సుక్రి అమ్మా నాన్నా సేసుకునీవోరు. నువ్వు పుట్టినప్పుడు నాకు జెరమొచ్చి పాలు పడనేదు. సుక్రి అమ్మే నీకు పాలిచ్చింది. పొద్దూ మాపూ నిన్ను ఎత్తుకుని ఆలింటికి ఎల్లీదాన్ని. ఆలిల్లు ఆ సెక్కలోనే ఉండీది. చుట్టూ సోడి సేను."

సోడి అంటే రాగులు. నేను ఒడియాలోకి మార్చి చెప్పాను. పురుషోత్తం గారు ఆ పాల సంగతి ఇంటి విషయమని, కేసుకు సంబంధం లేదని, రికార్డులోకి ఎక్కించవద్దని విచారణాధికారి అయిన సబ్ కలెక్టరును కోరారు. అధికారి కుర్రవాడు, తెలుగు రాదు. ఆమె మాటలన్నీ చెప్పారా అని నన్నడిగారు. పేష్కారుకు అభిప్రాయం చెప్పే హక్కు లేదు. ఆ వాక్యాలే మొదటి నుంచి చివరి దాకా మళ్లీ ఒడియాలో చెప్పాను. అధికారి ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు.

తరవాత ఏమైందని అధికారి అడిగారు.

"సుక్రి నాన్న సచ్చిపోయేడు బాబూ. సుక్రి అమ్మ ఆడమనిసి, ఒక్కత్తీ ఏటి సేస్తాది? మా ఆయన ఏటేటా గట్టు జరుపుకొచ్చేడు. ఆకర్ని కంచేసేడు. ఆలు ఏటవతలకి ఎల్లిపోనారు."

తమ సాక్షే ఎదురు తిరిగితే, కోర్టు అనుమతితో ఆ సాక్షికి అడ్డుప్రశ్నలు వేయవచ్చు. ఆ అనుమతి కావాలా అని అధికారి పురుషోత్తం గారిని అడిగారు. ఆయన లేచి నిలబడ్డారు. ఇంతలో తల్లే అంది:

"నిజిం సెప్తే సాలన్నావు కదరా నాయినా. సెప్పేను."

"సరేనమ్మా," అన్నారాయన. అధికారి వైపు తిరిగి ప్రశ్నలేమీ లేవన్నారు.

నియమం ప్రకారం వాంగ్మూలం తెలుగులో చదివి వినిపించి వేలిముద్ర వేయించాను. "అమ్మీ, ఆ సోడి సేను మాట రాసేవా?" అని అడిగింది. రాశానన్నాను. బయట వరండాలో సుక్రి ఆమె పక్కన కూర్చుని దేశియాలో, అంటే ఇక్కడి కొండ ఒడియాలో, ఏదో మాట్లాడుతోంది. తమ్ముడు మాత్రం తల్లిని తీసుకెళ్లకుండానే పొట్టంగి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం పెద్దకొడుకే కొరాపుట్‌లోని తన ఇంటికి తీసుకెళ్లారు. ఆమె మరి పొట్టంగి వెళ్లలేదని విన్నాను.

ఉత్తర్వు సుక్రికి అనుకూలంగా వచ్చింది. తమ్ముడు అప్పీలు చేస్తే నిలవలేదు. పురుషోత్తం గారు అప్పీలులో చేరలేదు. భూమి అప్పగించే రోజు రికార్డు పట్టుకుని రెవెన్యూ ఇన్‌స్పెక్టరుతో నేనూ వెళ్లాను. తమ్ముడు గేటుకు తాళం వేసుకుని కనిపించకుండా పోయాడు. పురుషోత్తం గారు వచ్చి, కూలీలతో కంచె విప్పించి, సంతకం చేసి వెళ్లిపోయారు. సుక్రితో మాట్లాడలేదు. ఆమె కూడా పలకరించలేదు. అసెంబ్లీ టికెట్టు వేరొకరికి వెళ్లింది. ఈ కేసు వల్లేనని కొందరన్నారు, నాకు తెలియదు. ఆయన ప్రాక్టీసు మాత్రం యథావిధిగా సాగింది. మా కోర్టుకు వచ్చినప్పుడు మునుపటిలాగే వాయిదా అడిగేవారు, మునుపటిలాగే నేను ఇచ్చేదాన్ని.

బాలింత జ్వరం, పాలు, ఇంటి చుట్టూ సోడి చేను, ఇలాంటి మాటలు వచ్చినప్పుడు గుమాస్తా చెయ్యి ఆగుతుంది. సంబంధం లేదని వదిలేయబుద్ధి అవుతుంది. ఆ రోజు అవి వదిలేసి ఉంటే రికార్డులో "భర్త సాగు చేశాడు" అన్న ఒక్క వాక్యమే మిగిలేది, కేసు అటు పోయేది. ఏ మాట అవసరమో తేల్చే కుర్చీ వేరే ఉంది. పేష్కారు పని విన్నదంతా రాయడం.